పొరుగు భయం - ఆయుధ భారం

2025 జూన్ 23వ తేదీ. రాత్రి పది గంటలు దాటింది. ఇషా నమాజు ముగిసి, విద్యార్థులు పడకలు సర్దుకుంటున్నారు. జగిత్యాల ప్రాంతం నుంచి వచ్చి మా మదరసాలో చదువుకుంటున్న ఒక పిల్లవాడు నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడి తండ్రి ఖతర్ రాజధాని దోహాలో భవన నిర్మాణ కార్మికుడు.

"హజ్రత్, ఒకసారి ఫోన్ ఇస్తారా? దోహా మీద క్షిపణులు పడుతున్నాయంటున్నారు. అబ్బాతో మాట్లాడాలి" అన్నాడు.

గంటసేపు ప్రయత్నిస్తే గాని అవతల తండ్రి గొంతు వినిపించలేదు. ఆకాశంలో మెరుపులు కనిపించాయనీ, భవనం అదిరేంత శబ్దాలు వచ్చాయనీ, తామంతా క్షేమమేననీ ఆయన చెప్పాడు. పిల్లవాడు కళ్ళు తుడుచుకుని ఫోన్ తిరిగి ఇస్తూ ఒక ప్రశ్న వేశాడు. "హజ్రత్, ఖతర్ ఎవరితోనూ యుద్ధం చేయడం లేదు కదా! మరి దాని మీదికి క్షిపణులు ఎందుకొచ్చాయి?"

ఆ రాత్రి వాడికి సూటిగా జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు తరగతిలో చెప్పవలసిన పాఠం పొరుగువాని హక్కులను గురించినది. మన వలన పొరుగువాడు నిర్భయంగా ఉండాలన్నది ఆ పాఠం సారాంశం. ఏళ్ళ తరబడి చెబుతున్న పాఠమే. కాని ఆ ఉదయం పిల్లల ముందు కూర్చున్నప్పుడు, ఒకరిని చూసి ఒకరు భయపడుతున్న పొరుగిళ్ళ వరుసగా గల్ఫ్ తీరమంతా నా కళ్ళ ముందు మెదిలింది. ఆ పిల్లవాడికి ఇవ్వవలసిన జవాబునే ఈ వ్యాసంగా పాఠకుల ముందు ఉంచుతున్నాను.

జవాబులో పైకి కనిపించే భాగం సులభమే. జూన్ 13న ఇస్రాయీల్ ఇరాన్‌పై దాడి ప్రారంభించింది. 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్‌లలోని ఇరాన్ అణుకేంద్రాలపై దాడి చేసింది. దానికి ప్రతిగా 23వ తేదీ రాత్రి ఇరాన్, దోహా సమీపంలోని అల్ ఉదైద్ వైమానిక స్థావరంపైకి క్షిపణులు ప్రయోగించింది. చాలా వాటిని గాలిలోనే కూల్చివేశారు. ప్రాణనష్టం జరగలేదు. ఆ స్థావరం ఖతర్‌దే. 1990 దశకంలో వంద కోట్ల డాలర్లకు పైగా సొంత సొమ్ము పోసి నిర్మించుకున్నది. అయితే అందులో వేలాది అమెరికా సైనికులుంటారు. తన గడ్డపై తన డబ్బుతో స్థావరం కట్టి, దానిని పరాయి సైన్యానికి అప్పగించవలసిన అవసరం ఒక చిన్న దేశానికి ఎందుకు కలిగింది? అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు కోసం కొంత వెనుకకు వెళ్ళాలి.

భయానికి బీజం

ఇరాన్ అణు కార్యక్రమం ఇస్లామీ విప్లవంతో మొదలైందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికి పునాది వేసినది అమెరికాయే. 1957లో షా ప్రభుత్వంతో అమెరికా అణు సహకార ఒప్పందం చేసుకున్నది. 1967లో టెహ్రాన్‌లో 5 మెగావాట్ల పరిశోధక రియాక్టరును నెలకొల్పింది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై ఇరాన్ 1968లో సంతకం చేసి, 1970లో ధ్రువీకరించింది. 23 వేల మెగావాట్ల అణువిద్యుత్తు ఉత్పత్తి చేస్తామని 1974లో షా ప్రకటించాడు. మరుసటి ఏడాది ఒక జర్మన్ సంస్థ బుషెహర్ తీరంలో నిర్మాణం ప్రారంభించింది. 1979 విప్లవంతో ఆ పని ఆగిపోయింది.

1980 సెప్టెంబరులో సద్దామ్ హుసేన్ ఇరాన్‌పై దండెత్తాడు. ఎనిమిదేళ్ళు సాగిన ఆ యుద్ధంలో ఇరాక్ సైన్యం ఇరాన్ సైనికులపై విషవాయువులు ప్రయోగించింది. బుషెహర్‌లోని అసంపూర్ణ కట్టడాలపైనా పలుమార్లు బాంబులు వేసింది. అగ్రరాజ్యాలు చూస్తూ ఊరుకున్నాయి. ఆపద వస్తే తమను ఆదుకునేవారెవరూ ఉండరన్న నిశ్చయానికి ఇరాన్ నాయకత్వం ఆ యుద్ధంలోనే వచ్చింది.

ఆవలి ఒడ్డున అరబ్ రాజ్యాల భయం వేరు. విప్లవం తమ ఇళ్ళలోకీ వస్తుందేమోనని వారు కలవరపడ్డారు. సౌదీ అరేబియా, కువైట్, బహ్రైన్, ఖతర్, ఐక్య అరబ్ ఎమిరేట్స్, ఒమాన్ కలిసి 1981 మే నెలలో గల్ఫ్ సహకార మండలిని స్థాపించుకున్నాయి. సౌదీ, కువైట్‌లు సద్దామ్‌కు ధనసహాయం చేశాయి. అదే సద్దామ్ 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించాడు. పొరుగువాణ్ణి నిలువరించడానికి డబ్బిచ్చి బలపరచిన చేయి తమ గొంతుకే చుట్టుకున్నది. గల్ఫ్ గడ్డపై అమెరికా సైన్యం స్థిరంగా నిలవడానికి దారి వేసినది ఆ సంఘటనే. ఆ రోజుల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశానికి చేర్చారు. కట్టుబట్టలతో తిరిగి వచ్చినవారి జ్ఞాపకాలు మన కుటుంబాలలో ఇంకా చెరిగిపోలేదు.

వెయ్యిలో ఏడు గింజలు

2002 ఆగస్టులో నతాంజ్, అరాక్‌లలో ఇరాన్ రహస్యంగా నిర్మిస్తున్న అణుకేంద్రాల సంగతి బయటపడింది. 2009లో ఖుమ్ నగరం సమీపాన కొండ గర్భంలోని ఫోర్దో కేంద్రం వెలుగులోకి వచ్చింది. తమ ఉద్దేశం విద్యుత్తు, వైద్య అవసరాలేనని ఇరాన్ మొదటి నుంచీ చెబుతోంది. అయితే పొరుగువారికి నమ్మకం కలగకపోవడానికి కారణం యురేనియం శుద్ధిలో ఉన్నది. దానిని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న లెక్క చాలు.

గనిలో దొరికే యురేనియంలోని అణువులను వెయ్యి గింజలుగా భావించండి. అందులో పనికివచ్చే గింజలు ఏడు మాత్రమే. మిగిలిన 993 తాలు. సెంట్రిఫ్యూజ్ అనే యంత్రం మహావేగంతో తిరుగుతూ ఆ తాలును వేరు చేస్తుంది. విద్యుత్ కేంద్రానికి సుమారు 4 శాతం శుద్ధత కావాలి. అంటే వెయ్యిలో 825 తాలు గింజలు తీసివేస్తే 175 మిగులుతాయి, వాటిలో మన ఏడు ఉంటాయి. 60 శాతానికి చేరాలంటే 12 గింజలు మిగిలేదాకా చెరగాలి. బాంబుకు కావలసిన 90 శాతానికి 8 మిగిలేదాకా చెరగాలి. కనుక విద్యుత్తు కోసం అంటూ చేసే పనిలోనే బాంబు దారిలో అధిక భాగం గడిచిపోతుంది. 60 శాతానికి చేరినవాడికి మిగిలిన దూరం అత్యల్పం. వంటకోసం నూరిన కత్తి, పోరు కోసం నూరిన కత్తి ఒకే సానమీద తయారవుతున్నప్పుడు, పక్కింటివాడికి నిద్ర పట్టకపోవడంలో వింత లేదు.

2015 జూలై 14న వియన్నాలో కుదిరిన ఒప్పందం ఈ సానకు హద్దు గీసింది. శుద్ధి 3.67 శాతం మించకూడదు, నిల్వ 300 కిలోలు దాటకూడదు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలు నిరంతరం సాగాలి. ఇరాన్ షరతులు పాటిస్తున్నదని ఆ సంస్థ నివేదికలు ఇస్తున్న కాలంలోనే, 2018 మే 8న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒప్పందం నుంచి వైదొలిగాడు. ఆంక్షలు మళ్ళీ విధించాడు. ఏడాది వేచిన ఇరాన్ ఒక్కొక్క హద్దూ దాటుతూ వచ్చి, 2021 ఏప్రిల్‌లో 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. 2025 జూన్ దాడుల నాటికి అటువంటి యురేనియం ఇరాన్ వద్ద 440.9 కిలోలు ఉన్నదని అణుశక్తి సంస్థ లెక్క. బాంబులు పడిన తరువాత ఆ సంస్థతో సహకారాన్ని నిలిపివేస్తూ ఇరాన్ చట్టం చేసింది. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు తిరిగి అమలులోకి వచ్చాయి. తలుపులు పగలగొట్టి చూద్దామన్నవారికి, చివరికి తలుపు సందులోంచి కనిపించేది కూడా కనిపించకుండా పోయింది.

పోటాపోటీ కొనుగోళ్ళు

ఈ రెండు దశాబ్దాలలో ఆవలి ఒడ్డు ఏం చేసింది? ఇరాన్ అణు వివాదం భద్రతా మండలికి చేరిన 2006లోనే, డిసెంబరులో రియాద్‌లో సమావేశమైన గల్ఫ్ సహకార మండలి, తామూ ఉమ్మడి అణుశక్తి కార్యక్రమాన్ని పరిశీలిస్తామని ప్రకటించింది. ఎమిరేట్స్ 2009లో దక్షిణ కొరియా సంస్థతో ఒప్పందం చేసుకుని బరాకాలో నాలుగు రియాక్టర్లు నిర్మించింది. నేడు ఆ దేశపు విద్యుత్తులో సుమారు నాలుగో వంతు అక్కడి నుంచే వస్తోంది. యురేనియం శుద్ధి చేయబోమని ఎమిరేట్స్ అమెరికాకు రాసి ఇచ్చింది. అటువంటి హామీకి సౌదీ అరేబియా సిద్ధపడలేదు. ఇరాన్ అణుబాంబు తయారు చేస్తే తాము కూడా సాధ్యమైనంత త్వరగా అదే బాట పడతామని యువరాజు ముహమ్మద్ బిన్ సల్మాన్ 2018 మార్చిలో ఒక అమెరికా టెలివిజన్‌తో బాహాటంగా అన్నారు.

మాటలతో పాటు కొనుగోళ్ళూ సాగాయి. 84 కొత్త ఎఫ్-15 యుద్ధ విమానాలు, డెబ్బై పాత విమానాల ఆధునికీకరణ, వాటికి తోడు హెలికాప్టర్లు కలిపి, సౌదీకి సుమారు 6 వేల కోట్ల డాలర్ల అమ్మకాన్ని అమెరికా 2010లో ప్రతిపాదించింది. మరుసటి ఏడాది థాడ్ అనే క్షిపణి నిరోధక వ్యవస్థను కొన్న తొలి విదేశంగా ఎమిరేట్స్ నిలిచింది. 2015లో సైనిక వ్యయంలో సౌదీ ప్రపంచంలోనే మూడో స్థానానికి చేరింది. 2020-24 మధ్య ప్రపంచంలో అత్యధికంగా ఆయుధాలు దిగుమతి చేసుకున్న దేశాలలో మూడవది ఖతర్, నాలుగవది సౌదీ. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రీ లెక్క ప్రకారం 2024లో సౌదీ సైనిక వ్యయం 8,030 కోట్ల డాలర్లు.

ఈ కొనుగోళ్ళన్నిటికీ ఇరాన్ అణు కార్యక్రమం ఒక్కటే కారణమంటే అది సత్యం కాదు. యెమెన్‌లో యుద్ధం, ఇరాక్, సిరియా, లెబనాన్‌లలో పలుకుబడి కోసం పెనుగులాట, అమ్ముకునేవారి ఒత్తిడి కూడా ఉన్నాయి. అయితే ప్రతి బేరానికీ ముందు చెప్పిన పేరు మాత్రం పొరుగువానిదే.

ఇప్పుడు ఇదే లెక్కను టెహ్రాన్ కిటికీలోంచి చూడండి. అదే 2024లో ఇరాన్ సైనిక వ్యయం 790 కోట్ల డాలర్లు. సౌదీ వ్యయంలో పదో వంతు. షా కాలంలో కొన్న యుద్ధ విమానాలనే అతుకులతో నెట్టుకొస్తున్న దేశం, విమానాలకు బదులు చవకగా తయారయ్యే క్షిపణులను, డ్రోన్లను, పొరుగు దేశాలలోని సాయుధ వర్గాలను నమ్ముకున్నది. వాటిని చూసి సౌదీ మరిన్ని క్షిపణి నిరోధకాలు కొన్నది. వాటిని చూసి ఇరాన్ మరిన్ని క్షిపణులు తయారు చేసింది. ఎవరికి వారు తమది రక్షణ అనే అంటున్నారు. ఎదుటివాడికి మాత్రం అది దాడికి సన్నాహంగా కనిపిస్తోంది.

ఎవరూ మాట్లాడని బాంబు

ఈ ప్రాంతంలో నిజంగా అణ్వస్త్రాలున్న దేశం ఇరాన్ కాదు, సౌదీ కాదు. అది ఇస్రాయీల్. 1950 దశకం చివర ఫ్రాన్స్ సహాయంతో నెగెవ్ ఎడారిలో డిమోనా కేంద్రాన్ని కట్టుకున్నది. అక్కడ పనిచేసిన మొర్దెకాయ్ వనూనూ అనే సాంకేతిక నిపుణుడు 1986లో ఆ గుట్టు ప్రపంచానికి వెల్లడించాడు. ఇస్రాయీల్ దగ్గర సుమారు 90 అణ్వస్త్రాలు ఉన్నాయని సిప్రీ అంచనా. వ్యాప్తి నిరోధక ఒప్పందంలో అది చేరలేదు. తన వద్ద ఉన్నదనదు, లేదనదు. 1981లో ఇరాక్ రియాక్టరుపై, 2007లో సిరియాలోని కట్టడంపై, 2025లో ఇరాన్‌పై బాంబులు వేసినది మాత్రం అదే. ఒక ఇంటికి తనిఖీ, మరో ఇంటికి మినహాయింపు ఉన్న వీధిలో న్యాయాన్ని గురించిన మాటలను ఎవరు నమ్ముతారు?

కాని ఈ అన్యాయాన్ని ఎత్తిచూపి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఇస్రాయీల్ బాంబు ఇరాన్ బాంబుకు సాకుగా, ఇరాన్ బాంబు సౌదీ బాంబుకు సాకుగా మారితే, చివరికి ఒకే ప్రాంతంలో మూడు బాంబులు మిగులుతాయి. అందువల్ల ఎవరికీ న్యాయం చేకూరదు.

కొన్న ఆయుధం కాపాడిందా?

2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్‌ఖైఖ్ చమురు శుద్ధి కేంద్రంపై డ్రోన్లు, క్షిపణులు విరుచుకుపడ్డాయి. రోజుకు 57 లక్షల బ్యారెళ్ళ ఉత్పత్తి, అంటే ఆ దేశపు ఉత్పత్తిలో సగం, కొంతకాలం నిలిచిపోయింది. దాడి తమదేనని యెమెన్‌లోని హూతీలు చెప్పుకున్నారు. సౌదీ, అమెరికాలు ఇరాన్‌ను నిందించాయి. ఇరాన్ కాదన్నది. వేల కోట్లు పోసి కొన్న రక్షణ వ్యవస్థలు ఆ ఉదయం అక్కరకు రాలేదు. 2022 జనవరి 17న అబూధాబీపై హూతీలు జరిపిన దాడిలో మరణించిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. పొట్టకూటి కోసం వచ్చినవారు.

ఇక 2025లో ఖతర్ అనుభవం అన్నిటికంటే పెద్ద పాఠం. జూన్‌లో ఇరాన్ క్షిపణులు వచ్చాయి. సెప్టెంబరు 9న అమెరికాకు అత్యంత ఆప్తమిత్రమైన ఇస్రాయీలే దోహా నగరం మీద బాంబులు వేసింది. అమెరికా స్థావరానికి ఆశ్రయమిచ్చినందుకు ఒకరు, ఇచ్చినా ఖాతరు చేయక మరొకరు. సరిగ్గా ఎనిమిది రోజుల తరువాత సౌదీ అరేబియా, అణ్వస్త్ర దేశమైన పాకిస్తాన్‌తో పరస్పర రక్షణ ఒప్పందం చేసుకున్నది. ఒకరిపై దాడి ఇద్దరిపై దాడిగా పరిగణించాలన్నది అందులోని మాట. అరువు నీడ సరిపోదనిపించినవారు మరో నీడను వెతుక్కున్నారు.

నీటికి తుపాకీ కాపలా ఉండదు

బుషెహర్ అణువిద్యుత్ కేంద్రాన్ని చివరికి రష్యా పూర్తి చేసింది. 2011 నుంచి విద్యుత్తు ఇస్తోంది. పటం తెరిచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఆ కేంద్రానికి టెహ్రాన్ కంటే కువైట్, మనామా నగరాలు దగ్గర. గల్ఫ్ దేశాలలో నదులు లేవు. సముద్రపు నీటిలోని ఉప్పు తీసి తాగునీరు తయారు చేసుకుంటారు. బుషెహర్‌పై దాడి జరిగి విషపదార్థాలు సముద్రంలో కలిస్తే మూడు రోజుల్లో తమకు తాగునీరు ఉండదని ఖతర్ ప్రధానమంత్రి 2025 మార్చిలో ఒక అమెరికా జర్నలిస్టుతో చెప్పారు. ఆ భయంతోనే ఖతర్ పెద్ద పెద్ద నీటి నిల్వాగారాలు కట్టుకున్నదని కూడా అన్నారు.

ఆ నీరు తాగేవారిలో మనవారు ఎందరో ఉన్నారు. గల్ఫ్ దేశాలలోని సుమారు 90 లక్షల భారతీయులలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి వెళ్ళిన కార్మికులు, కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన తల్లులు ఉన్నారు. రాజుల వద్ద క్షిపణి నిరోధకాలు ఉంటాయి, సొంత విమానాలు ఉంటాయి. పాస్‌పోర్టు యజమాని పెట్టెలో ఉండిపోయిన కార్మికుడికి ఏముంటుంది? జూన్ 23 రాత్రి ఖతర్, బహ్రైన్, కువైట్, ఎమిరేట్స్ గగనతలాలు మూతపడినప్పుడు, ఈ తీరాన మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళు మెలకువగా ఉన్నాయో మనకు తెలుసు.

తలుపులు తెరిచిన పొరుగువారు

ఈ దారి తప్ప వేరే దారి లేదని నిరాశ చెందనక్కర లేదు. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, బ్రెజిల్ చిరకాల ప్రత్యర్థులు. 1980 దశకంలో రెండు దేశాలూ రహస్యంగా యురేనియం శుద్ధి చేసే సామర్థ్యం సంపాదించాయి. రెండూ అప్పటికి వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరలేదు. సైనిక పాలనలు పోయి పౌర ప్రభుత్వాలు రాగానే ఇద్దరు అధ్యక్షులు ఒక సాహసం చేశారు. 1987లో బ్రెజిల్ అధ్యక్షుడు సార్నే అర్జెంటీనాలోని శుద్ధి కేంద్రాన్ని స్వయంగా చూశాడు. 1988లో అర్జెంటీనా అధ్యక్షుడు అల్ఫోన్సిన్ బ్రెజిల్ కేంద్రాన్ని చూశాడు. 1991లో ఉమ్మడి తనిఖీ సంస్థ ఏర్పడింది. అర్జెంటీనా కేంద్రాలను బ్రెజిల్ నిపుణులు, బ్రెజిల్ కేంద్రాలను అర్జెంటీనా నిపుణులు తనిఖీ చేస్తారు. ఇద్దరూ అణు విజ్ఞానాన్ని వదులుకోలేదు. దాచుకోవడం ఒక్కటే మానుకున్నారు.

మన ఇంటి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. భారత్, పాకిస్తాన్‌లు ఒకరి అణుకేంద్రాలపై మరొకరు దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న తమ తమ అణుకేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 1998లో ఇద్దరూ బాంబులు పరీక్షించారు, మరుసటి ఏడు కార్గిల్‌లో పోరాడారు. అయినా ఆ జాబితా ఆగలేదు. స్నేహం లేనిచోట కూడా ఇటువంటి నియమం నిలబడగలదు. గల్ఫ్ రెండు ఒడ్డుల మధ్య ఈపాటి కాగితం కూడా లేదు.

ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. పశ్చిమాసియాను అణ్వస్త్ర రహిత ప్రాంతంగా ప్రకటించాలని 1974లో ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించినవి ఇరాన్, ఈజిప్టు దేశాలే. అర్ధ శతాబ్దం గడిచినా అది కాగితంపైనే ఉన్నది. 2023 మార్చి 10న బీజింగ్‌లో సౌదీ, ఇరాన్‌లు దౌత్య సంబంధాలు పునరుద్ధరించుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో సౌదీ రక్షణ మంత్రి టెహ్రాన్ వెళ్ళారు. జూన్‌లో ఇరాన్‌పై ఇస్రాయీల్ దాడిని సౌదీ ఖండించింది. ఆ ఏడాది చర్చలలో, గల్ఫ్ దేశాలు ఇరాన్‌తో కలిసి ఉమ్మడిగా యురేనియం శుద్ధి కేంద్రం నడపవచ్చన్న ఆలోచన కూడా వినిపించింది. యుద్ధం ఆ మాటను మింగివేసింది. కాని తిరిగి ఎత్తుకోవలసిన మాట అదే. పొరుగువాడు స్వయంగా వచ్చి చూడగలిగిన చోట అనుమానానికి తావు తగ్గుతుంది. అనుమానం తగ్గినచోట ఆయుధాల బేరగాడికి పని తగ్గుతుంది.

ముస్లిం కుటుంబాలుగా మనం కూడా ఒక జాగ్రత్త పాటించాలి. ఈ వైరాన్ని సున్నీ, షియాల పోరుగా చిత్రించే సందేశాలు మన ఫోన్లలోకి రోజూ వస్తుంటాయి. భయానికి మతశాఖ లేదు. సున్నీ రాజ్యాలకు భయపడి సున్నీ ఖతర్ కంగారుపడిన రోజులున్నాయి. 2017లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రైన్‌లు ఖతర్‌ను దిగ్బంధం చేసినప్పుడు దానికి గగనతలం తెరిచి, ఆహారం పంపినది షియా ఇరానే. అటువంటి సందేశాన్ని ముందుకు పంపేముందు ఈ సంగతి గుర్తు చేసుకుంటే చాలు.

ఆ పిల్లవాడికి తరువాత జవాబు చెప్పాను. "బేటా, ఖతర్ ఎవరితోనూ యుద్ధం చేయలేదు. భయపడి బలవంతుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకున్నది. బలవంతుడి శత్రువులు ఆ ఇంటిని వెతుక్కుంటూ వచ్చారు." వాడు కాసేపు ఆలోచించి, "మరి భయం వేస్తే ఏం చేయాలి హజ్రత్?" అని అడిగాడు. ముందురోజు చదివిన పాఠం పేజీ తీయమన్నాను. వాడు తీశాడు. ఇద్దరం మళ్ళీ మొదటి నుంచి చదివాము.